పిల్లలున్న ఇంట్లో బరువు తగ్గడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, బడికి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో తిండి అలవాట్లు మార్చుకుందామనుకున్నప్పుడు వచ్చే సందేహాలివి. జవాబులన్నింటి వెనకా ఒకే మాట ఉంది. మీ ఒక్కరి కంచం వేరు చేసుకుంటే నెల తిరక్కుండానే పాత దారికి వచ్చేస్తారు. ఇంటి వంటే కాస్త మారితే మీకు వేరే పట్టుదల అక్కర్లేదు.

ఉదయం ఐదున్నరకు లేస్తే రాత్రి పదకొండు దాకా ఊపిరి సలపదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక పని మానుకోండి: మీకోసం విడిగా వండుకోవడం. ఓట్స్, సలాడ్, మొలకలు దేనికదే మంచిదే. కానీ పిల్లల బాక్సులకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి, మీకు ఒకటి అంటూ ఎన్నాళ్లు వండగలరు? బిడ్డకు జ్వరం వచ్చిన రోజున, ఆఫీసులో ఆలస్యమైన రోజున మొదట ఆగిపోయేది మీ వంటే. ఆ రోజుతో డైట్ కూడా ఆగిపోతుంది.

ఇంట్లో ఎలాగూ వండే పప్పు, కూర, చారు, పెరుగులోనే పాళ్లు మార్చండి. నూనె కొలిచి పోయండి, కూర ఎక్కువ వండండి, అన్నం ఒక్కసారే వడ్డించుకోండి. మొదటి రెండు వారాలూ ఇంతకు మించి ఏమీ వద్దు.

నేను నిజంగా తగ్గాలా? ఎంత బరువుంటే ఎక్కువున్నట్టు?

కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. మన దేశంలో వైద్యులు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా చూస్తారు. పాశ్చాత్య దేశాల లెక్కలో ఈ హద్దులు 25, 30. మనవాళ్లకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు, గుండె జబ్బులు వస్తుంటాయి కాబట్టి హద్దు కిందికి దింపారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 59 కిలోలు దాటితే జాగ్రత్త పడాలి, 64 దాటితే తప్పక తగ్గాలి. 170 సెంటీమీటర్ల వారికి ఆ అంకెలు 66, 72 దగ్గర ఉంటాయి.

బరువు కంటే నడుము కొలత ఇంకా నమ్మకమైనది. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలవండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటకూడదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మగవాళ్లు మన ఇళ్లలో చాలామంది. తూకం మామూలుగానే చూపిస్తుంది కాబట్టి తమకేమీ లేదనుకుంటారు. వాళ్లు ముందుగా టేపు పట్టుకోవాలి.

అన్నం మానేయాలా?

అక్కర్లేదు. మన భోజనం ఎలా సాగుతుందో ఒకసారి గమనించండి, చిక్కు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. మొదట పచ్చడో కందిపొడో, నెయ్యీ వేసుకుని నాలుగు ముద్దలు. తర్వాత పప్పులోకి మళ్లీ అన్నం, కూరలోకి ఇంకొంచెం, చారు పోసుకోవడానికి మరికాస్త. చివరికి పెరుగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టుండదు. ప్రతి వంతుకూ కొత్తగా అన్నం పడుతూనే ఉంటుంది. ఏ ఒక్కసారీ ఎక్కువ పెట్టుకున్నట్టు అనిపించదు. మొత్తం కలిపితే కంచంలో మూడొంతులు అన్నమే, కూర ఏమో అన్నానికి నంజుడు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీలు అవసరమైన మనిషికి బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలంటుంది. పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ఇవన్నీ వండకముందు తూకాలు. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న గ్లాసులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. అంటే ఒక మనిషికి రోజంతటికీ రెండు గ్లాసులు కూడా అక్కర్లేదు, అందులోనే ఇడ్లీ రవ్వా, ఉప్మా రవ్వా, చపాతీ పిండీ కూడా రావాలి. బరువు తగ్గాలనుకునేవారికి ఇంకొంత తగ్గాలి.

చేయాల్సింది చిన్న మార్పే. అన్నం మొదట్లోనే ఒకేసారి పెట్టుకుని, గిన్నె మూత పెట్టి అవతల పెట్టేయండి. ఆ అన్నాన్నే పప్పుకు, కూరకు పంచుకోండి. కూర కనీసం అన్నమంత ఉండాలి. చారు గ్లాసులో పోసుకుని తాగండి, మిరియాల చారైతే మరీ బాగుంటుంది. పెరుగన్నం వదులుకోలేకపోతే దానికోసం రెండు ముద్దల అన్నం ముందే పక్కన పెట్టుకోండి, లేదా చివర్లో ఉప్పు తక్కువ వేసిన మజ్జిగ తాగండి. మొదటి వారం ఏదో వెలితిగా ఉంటుంది. కూర నిజంగా ఎక్కువ వండితే ఆ వెలితి త్వరగానే పోతుంది. కూర పెంచకుండా అన్నం ఒక్కటే తగ్గించినవాళ్లు సాయంత్రం ఆరింటికి బిస్కెట్ల డబ్బా తెరుస్తారు.

జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రల అన్నం తింటే తగ్గుతామా?

వంద గ్రాముల బియ్యంలోనూ వంద గ్రాముల జొన్నల్లోనూ కేలరీలు దాదాపు సమానం, 350కి కాస్త అటూ ఇటూ. కాబట్టి బియ్యం ఎంత తినేవారో కొర్రలూ అంతే తింటే బరువు కదలదు. వీటి మేలు పీచులో ఉంది. త్వరగా కడుపు నిండుతుంది, నెమ్మదిగా అరుగుతాయి. రాగుల్లో కాల్షియం కూడా పుష్కలం. రాత్రిపూట రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు కూర తింటే అన్నం మీద వచ్చినట్టు మారు వడ్డింపులు రావు, నాకు వాటిలో అన్నిటికన్నా నచ్చిన గుణం అదే. ఇంట్లో ఎవరికీ అలవాటు లేకపోతే బలవంతం చేయకండి, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి.

నూనె ఎంత వాడాలి? మేం ఎక్కువేమీ వేయం.

అందరూ ఇదే అంటారు. నెల సరుకుల చీటీ తీసి చూడండి. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మనిషికి రోజుకు నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి 27 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లకు మించకూడదు, అందులో నెయ్యి కూడా కలిసే ఉంటుంది. పిల్లలు చిన్నవాళ్లయితే ఇంకా తక్కువ. మన ఇళ్లలో ఐదారు ప్యాకెట్లు నెలాఖరుకు అయిపోవడం మామూలే.

నూనె జారేది పోపులో కాదు, వేపుడులో. బెండకాయ, దొండకాయ, బంగాళాదుంప వేపుళ్లకు మూకుట్లో నూనె తేలేలా పోస్తాం. ఇవే ముక్కలను ముందు కాస్త ఆవిరి మీద మగ్గనిచ్చి, తర్వాత రెండు మూడు టీస్పూన్ల నూనెలో వేయించి, చివర్లో వేరుశనగ పొడో కొబ్బరి కారమో చల్లితే పిల్లలు తేడా కనిపెట్టలేరు. గోరుచిక్కుడు, బీరకాయ, సొరకాయ, తోటకూర అసలు ఎక్కువ నూనె అడగవు. నూనె సీసాను పొయ్యి పక్కన ఉంచకండి. చిన్న గిన్నెలో ఆ రోజుకు సరిపడా కొలిచి పోసుకుని, ఆ గిన్నెలోంచే స్పూనుతో తీసి వాడండి. గిన్నె ఖాళీ అయితే ఆ పూటకు నూనె అయిపోయినట్టే. వంటమనిషి ఉన్న ఇళ్లలో ఈ ఒక్క పద్ధతే పని చేస్తుంది, మాటలతో చెప్తే ఎవరూ తగ్గించరు.

పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి. అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే.

ప్రొటీన్ అంటున్నారు. మాంసం తినని ఇంట్లో ఎలా?

కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలని మన దేశంలో ఖాయం చేశారు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పలచటి పప్పు గరిటెడు వేసుకుంటే ఇది రాదు. పొద్దున రెండు పెసరట్లలో సుమారు 12 గ్రాములు, రోజు మొత్తానికి పిడికెడున్నర కందిపప్పు ముద్దగా వండుకుంటే మరో 12, పెరుగు పెద్ద కప్పుతో 6, సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలతో 6, బియ్యం జొన్నల నుంచి ఓ 15. మొత్తం సరిపోయింది, డబ్బాలో పొడి కొనకుండానే. గుడ్డు తినే ఇంట్లో ఒక్కో గుడ్డుకు 6 గ్రాములు కలిసొస్తాయి. చేపలు, కోడి తినేవారికి ఇంకా సులువు, వేపుడు కాకుండా పులుసో ఇగురో అయితే.

ఆదివారం శనగలు, అలసందలు, రాజ్మా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజుల వరకూ గుగ్గిళ్లు, కూరల్లోకి వస్తాయి. అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసంతో అవే ఒక పూట భోజనం.

పొద్దున పిల్లల బాక్సులే అవడం లేదు, నా టిఫిన్ సంగతి ఎప్పుడు చూసుకోను?

బాక్సులో పెట్టేదే మీరూ తినేలా ఉంటే మీ టిఫిన్ అయిపోయినట్టే. పెసలు రాత్రి నానబెడితే పొద్దున రుబ్బి వెంటనే అట్లు పోయొచ్చు, పులియాల్సిన పని లేదు. ఇడ్లీ పిండి మూడు రోజులకు సరిపడా ఉంచుకుంటారు కదా, అందులో తురిమిన క్యారెట్, ఉడికిన బఠాణీ కలపండి. ఉప్మాలో రవ్వ ఎంతో కూరగాయ ముక్కలు అంత. పులిహోర, నిమ్మకాయ అన్నం పెట్టిన రోజు పక్కన ఉడికించిన గుడ్డో శనగలో ఉండాలి, లేకపోతే ఆ బాక్సు మొత్తం అన్నమే.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు పొద్దుటి గంటను కాపాడతాయి. కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టుకోవడం, పప్పు కడిగి నానేయడం, మీ టిఫిన్ డబ్బా కూడా పిల్లల డబ్బాల పక్కనే తుడిచి పెట్టుకోవడం. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. మీ డబ్బా గట్టు మీద కనిపిస్తే అందులో ఏదో ఒకటి పెడతారు. కనిపించకపోతే మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఫ్రైడ్ రైస్.

పిల్లలు వదిలేసింది పారేయలేక తినేస్తున్నాను. అంత లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, తల్లుల విషయంలో బాగా వస్తుంది. పాప వదిలేసిన నాలుగు ముద్దల పప్పన్నం, బాబు కొరికి పెట్టిన సగం దోశ, గ్లాసు అడుగున మిగిలిన బూస్టు పాలు, బాక్సులో తిరిగొచ్చిన పూరీ. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగినవాళ్లం, పారేయాలంటే చేయి రాదు. రోజుకు ఇలా 200 కేలరీలు వెళ్లినా, ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలుంటాయి కాబట్టి, ఏడాదికి ఎన్ని కిలోలవుతుందో మీరే ఊహించండి. పైగా ఆ తిండిని ఎవరూ భోజనంగా లెక్కపెట్టరు. గిన్నెలు తోముతూ నిలబడి తినేస్తారు, తర్వాత తమ కంచం తాము పెట్టుకుంటారు.

మందు ఒక్కటే, పిల్లలకు తక్కువ పెట్టండి. చిన్న కంచంలో చిన్న వడ్డింపు, అడిగితే మారు. మూడేళ్ల బిడ్డ ఆకలి మనం అనుకునే దానికంటే చిన్నది. మిగిలిన ముట్టని అన్నం ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. ఎంగిలిది మాత్రం మీ కడుపులోకి వెళ్లనవసరం లేదు. మీ ఒళ్లు కూడా కాపాడుకోవాల్సిందే, అన్నం విలువ తెలిసిన మనిషికి ఆ ఒళ్లు విలువ కూడా తెలియాలి.

సాయంత్రం ఇంటికి రాగానే విపరీతమైన ఆకలి. వంట అయ్యేలోపు ఏదో ఒకటి తినేస్తాం.

మధ్యాహ్నం ఒంటిగంటకు తిని రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆగమని ఏ శరీరాన్నీ అడగలేం. ఐదు, ఆరింటికి చిన్న తిండి ఉండాల్సిందే. అదేమిటో ముందే అనుకుని ఉండాలి: జామకాయ, గుప్పెడు వేయించిన శనగలు, మజ్జిగ గ్లాసు, ఉడికించిన మొక్కజొన్న కండె, ఉల్లిపాయ టమాటా కలిపిన మరమరాలు. జంతికలు, చేగోడీలు, కారప్పూస వంద గ్రాముల్లో దాదాపు 500 కేలరీలుంటాయి. డబ్బా ముందు నిలబడి మాట్లాడుతూ వంద గ్రాములు తినడం పెద్ద విషయమే కాదు. పండగకు చేసినవి పండగ వారంలో అయిపోనివ్వండి, ఏడాది పొడుగునా డబ్బా నింపకండి.

టీ కూడా చూసుకోండి. కప్పుకు రెండు చెంచాల చక్కెర, రోజుకు మూడు కప్పులు అంటే 30 గ్రాముల చక్కెర. రోజంతటికీ 25 గ్రాములు దాటొద్దని మన పోషకాహార సూచనలు. ప్రతి పది రోజులకూ అర చెంచా తగ్గించుకుంటూ వెళ్తే నాలుక అలవాటు పడుతుంది. బెల్లం వేసుకుంటే మంచిదనుకోవడం భ్రమ, బరువు విషయంలో రెండూ ఒకటే.

పిల్లలకూ ఇదే తిండి పెట్టొచ్చా? మా అబ్బాయి కూడా బొద్దుగా ఉన్నాడు.

ఇదే తిండి పెట్టాలి, మీ కొలతలతో మాత్రం కాదు. ఎదిగే పిల్లలకు అన్నం, నెయ్యి, పాలు వాళ్ల ఆకలిని బట్టి ఉండాలి. పిల్లల్ని డైట్‌లో పెట్టకండి. బొద్దుగా ఉన్న పిల్లవాడి విషయంలో చాలాసార్లు ఉన్న బరువు పెరగకుండా ఎత్తు పెరగనిస్తే చాలు, ఆ సంగతి పిల్లల వైద్యుడే చూసి చెప్పాలి. ఇంట్లో మార్చాల్సింది బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింకులు, ఫోను చూస్తూ తినిపించడం.

పాలలో కలిపే పొడుల గురించి ఒక మాట. వీటిని 'హెల్త్ డ్రింక్' విభాగంలో చూపించవద్దని 2024లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది. డబ్బా వెనక వంద గ్రాములకు చక్కెర ఎంతో రాసి ఉంటుంది, కొనేముందు చదవండి.

ఇంకొకటి, దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను. పిల్లల ముందు మీ ఒంటిని మీరు తిట్టుకోకండి. 'లావైపోయాను, చూడలేకపోతున్నాను' అని అమ్మ అద్దం ముందు అనే మాటను ఎనిమిదేళ్ల కూతురు వింటుంది. తర్వాత తన ఒంటిని కూడా ఆ మాటతోనే చూసుకుంటుంది. 'మోకాళ్లు నొప్పి పుట్టకుండా మీతో ఆడుకోవాలి, అందుకే కూర ఎక్కువ తింటున్నా' అంటే ఆమెకు వేరే సంగతి అర్థమవుతుంది.

అత్తగారు 'ఇంకొంచెం పెట్టుకో' అంటారు. కాదంటే నొచ్చుకుంటారు.

వాళ్ల దృష్టిలో కొసరి వడ్డించడమే ప్రేమ. డైట్ అనే మాట వాడితే ఆ ప్రేమను తిరస్కరించినట్టు వినపడుతుంది. 'అత్తయ్యా, అన్నం చాలు, మీరు చేసిన తోటకూర ఇంకో గరిటె వేయండి' అనండి. వద్దనకుండా వేరేది అడగడంలో వాళ్ల చేతికి పని ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ పెద్దావిడకే షుగరో బీపీయో ఉంటుంది. 'మీకోసం కూడా నూనె తగ్గిద్దాం, డాక్టరు చెప్పారు కదా' అంటే ఆవిడే రేపటి నుంచి గిన్నెలో నూనె కొలుస్తారు. పాతకాలపు పచ్చిపులుసు, పొట్లకాయ పెరుగుపచ్చడి, మునగాకు పప్పు వంటివి ఆవిడకు తెలుసు. చేయించుకోండి, నేర్చుకోండి.

మా ఆయన ఏదైనా పెట్టిందే తింటారు, కానీ వంటింట్లోకి రారు. ఒక్కదాన్నే ఎలా చేయాలి?

ఒక్కరే చేయడం కష్టం, ఆ కష్టం మీ పట్టుదల లోపం కాదు. వండేది, బాక్సులు కట్టేది, హోంవర్కు చేయించేది ఒక్క మనిషే అయితే ఆమె నడకకు ఎప్పుడు వెళ్తుంది? నిద్ర ఎప్పుడు పోతుంది? నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. తీపి మీదికి మనసు లాగుతుంది. ఇంటి పని పంచుకోవడం బరువు తగ్గడంలో భాగమే అనడానికి ఇదీ కారణం.

పురుషులకు ఒక సూచన: 'ఏం చేయమంటావో చెప్పు' అనడం సాయం కాదు, చెప్పడం కూడా ఒక పనే. రెండు పనులు పూర్తిగా మీవి చేసుకోండి. కూరగాయలు కొని, కడిగి, తరిగి పెట్టడం ఒకటి. వారంలో మూడు పొద్దులు పిల్లలను తయారుచేసి బస్సు ఎక్కించడం ఇంకొకటి. ఆ మూడు పొద్దులూ ఆమె నడుస్తుంది, మిగిలిన మూడు పొద్దులూ మీరు నడవండి.

వ్యాయామానికి ఎంత సమయం కావాలి?

వారానికి 150 నిమిషాల వేగపు నడక, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒకేసారి అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ చుట్టూ పదిహేను నిమిషాలు పొద్దున, భోజనం తర్వాత మరో పదిహేను నిమిషాలు చాలు. పిల్లల్ని ట్యూషన్‌లో దింపి బయట కారులో ఫోను చూసే గంట కూడా ఉంది. బలానికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు ఆనించి చేసే దండీలు, మెట్లు ఎక్కడం చాలు. నడక ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గదు, ముందే చెప్పిన నూనె లెక్క గుర్తుంది కదా. కానీ తగ్గింది మళ్లీ పెరగకుండా నిలబెట్టేది, షుగరును అదుపులో ఉంచేది నడకే.

ఎంత వేగంగా తగ్గాలి?

వారానికి అర కిలో చాలు. మొదటి వారం రెండు కిలోలు తగ్గితే సంబరపడకండి, అందులో ఎక్కువ నీరే. తర్వాత రెండు వారాలు కదలకపోతే దిగులుపడకండి, నెలసరి రోజుల్లో నీరు పట్టి తూకం పెరగడమూ మామూలే. వారానికి ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున చూసుకోండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, షుగరు, ట్రైగ్లిజరైడ్ల (రక్తంలోని ఒక రకం కొవ్వు) మీద మంచి ప్రభావం కనిపిస్తుంది. 75 కిలోల మనిషికి ఇది నాలుగు నుంచి ఏడున్నర కిలోలు. పెళ్లినాటి బరువు దాకా వెళ్లాలన్న లెక్క పెట్టుకోనవసరం లేదు.

పాలిచ్చే తల్లిని. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

కఠినమైన డైట్ ఇప్పుడు వద్దు. మొదటి ఆరు నెలలూ పాలివ్వడానికి మామూలు కంటే రోజుకు 600 కేలరీలు, తర్వాత ఆరు నెలలూ 520 కేలరీలు అదనంగా కావాలని మన సిఫార్సులు. ఆ అదనం పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరల నుంచి రావాలి. బాలింత పథ్యం పేరుతో కూరలు, పండ్లు ఆపేసి నెయ్యన్నం, కారప్పొడితో నెలల తరబడి నెట్టుకొచ్చే ఇళ్లున్నాయి. దానివల్ల రక్తహీనత తగ్గదు, బరువు మాత్రం పెరుగుతుంది. తక్కిన కుటుంబం తినేవే పాలిచ్చే తల్లీ తినొచ్చు.

పెళ్లిళ్లు, పండగలు?

తినండి. బూరె ఒకటి తినాలనుకుంటే నిదానంగా కూర్చుని తినండి. మర్నాడు ఉపవాసాలు వద్దు, మామూలు భోజనానికి వచ్చేయండి. శ్రావణం, కార్తీకం, మూఢం లేని ముహూర్తాల నెలల్లో వారానికి రెండు విందులు తగిలితే, ఒక్కోదానికి ఇష్టమైనవి రెండే ఎంచుకోండి.

మేం అమెరికాలో ఉంటాం. వారానికి ఒకసారే వంట.

ఫ్రీజర్‌లో దొరికే బెండ, చిక్కుడు, పాలకూర పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవు, నిశ్చింతగా వాడండి. పప్పు, సాంబారు వంటివి రెండు మూడు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో, మిగిలింది ఫ్రీజర్‌లో ఉంచండి. ఫ్రీజర్ పరోటాలు, సమోసాలు ఇంట్లో లేకపోతే సగం పని అయినట్టే. చలికాలం నడక ఆగిపోతుంది, దానికి ఇంట్లో చేసే కసరత్తు ముందే అనుకోండి.

అన్నం పూర్తిగా మానేసే పద్ధతులు, ఉపవాసాలు, ఇంజెక్షన్లు?

అన్నం మానేసి కొవ్వు ఎక్కువ తినే పద్ధతులతో మొదట్లో త్వరగా తగ్గుతారు. పిల్లలతో కలిసి కూర్చుని తినే ఇంట్లో అది ఏళ్ల తరబడి సాగడం అరుదు. పదహారు గంటల ఉపవాసం కొందరికి నప్పుతుంది, రాత్రి ఎనిమిది తర్వాత తినే అలవాటు దానితో ఆగితే మంచిదే. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాసాలు చేయకూడదు. షుగరు ఒక్కసారిగా పడిపోతుంది, బండి నడుపుతున్నప్పుడు అయితే ప్రాణం మీదికి వస్తుంది.

బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఊబకాయం వల్ల జబ్బులున్నవారికి ఇవి నిజమైన మందులు, వాడేవారిని తప్పుపట్టాల్సిన పని లేదు. వికారం, వాంతులు సాధారణం, కొవ్వుతో పాటు కండ కూడా కొంత తగ్గుతుంది, మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. గర్భం దాల్చాలనుకునేవారికి పనికిరావు. వైద్యుడి చీటీ లేకుండా, జిమ్ముల్లో, ఫోనుల్లో అమ్మేవారి దగ్గర కొనకండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

షుగరు, బీపీ, థైరాయిడ్, కిడ్నీ జబ్బుల్లో ఏదున్నా మొదలుపెట్టే ముందే. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రల మోతాదు కూడా తగ్గించాల్సి రావచ్చు, నిలబడితే కళ్లు తిరుగుతుంటే ఆగకుండా చూపించుకోండి. ఏమీ లేనివారు కూడా ముప్పై దాటాక ఒకసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్టరాల్, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోవడం మంచిది. నెలసరి క్రమం తప్పి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతూ, బరువు పెరుగుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. రెండు మూడు నెలలు నిజాయితీగా పాటించినా నడుము కొలత కదలకపోతే, లేదా ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే కూడా వెళ్లండి. రెండోది మరీ అశ్రద్ధ చేయకూడని విషయం. వెళ్లేటప్పుడు వారం రోజులు తిన్నవి కాగితం మీద రాసుకుని తీసుకెళ్తే, వైద్యుడు మీకిచ్చే పది నిమిషాల్లో సగం ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది.